ఈఎస్‌ఐ నిరుద్యోగ భృతి క్లెయిమ్ నెలల తరబడి పెండింగ్: అప్పీలు ఎవరికి చేసుకోవాలి? (ఇందులోని చట్టాలు, నిబంధనలు, గడువులు 2023 నాటివి)

పాశమైలారం_ఆపరేటర్ · 11 జులై 2023

అన్నలకు, అక్కలకు నమస్తే. పాశమైలారంల ఒక ప్యాకింగ్ యూనిట్‌ల ఐదేండ్ల పైన మిషన్ ఆపరేటర్‌గా చేసిన. మార్చి 31న ఆర్డర్లు లేవని మా షిఫ్టుల సగం మందిని రేపటి నుంచి రావద్దన్నరు. ఈఎస్‌ఐ ఉన్నోళ్లకు పని పోతే మూడు నెలలు సగం జీతం వస్తదని దోస్తు చెప్తే, మే నెలల నెట్ సెంటర్‌ల ఆన్‌లైన్ క్లెయిమ్ పెట్టిన. ఆధార్, పాస్‌బుక్ అప్‌లోడ్ చేసినం. అప్పటి నుంచి స్టేటస్ పెండింగే.

బ్రాంచి ఆఫీసుకు పోతే కౌంటర్ల సార్ కంప్యూటర్ చూసి, "లెఫ్ట్ సర్వీస్ అని ఉంది, అంటే నువ్వే మానేసినట్టు. మీ కంపెనీవాళ్లనే అడుగు" అన్నడు. కంపెనీకి పోతే సెక్యూరిటీ గేటు దాటనిస్తలేడు. హెచ్‌ఆర్ ఫోన్ ఎత్తదు. ఇస్నాపూర్‌ల కిరాయి రూము, ఇద్దరు పిల్లలు. అప్పీలు చేసుకోవాల్నంటే ఎవరికి చేసుకోవాలె? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

పాత_క్లర్కు · 11 జులై 2023

బాబూ, నేను ఈఎస్‌ఐలోనే బ్రాంచి ఆఫీసుల్లో పనిచేసి రిటైరయ్యాను. ముందు ఒక్క మాట. పెండింగు వేరు, తిరస్కరణ వేరు. ఇంకా తిరస్కరించని క్లెయిమ్ మీద అప్పీలు ఏమని చేస్తావు? కౌంటర్ దగ్గర నోటితో చెప్పినదానికి విలువ లేదు. నీకు ఇప్పుడు కావలసింది "ఇందువల్ల ఇవ్వడం లేదు" అనో, "ఫలానాది తెస్తే ఇస్తాం" అనో కాగితం మీద రాసిన సమాధానం.

పథకం పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులై 1న ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి పొడిగించుకుంటూ వస్తున్నారు. మొదట్లో ఇచ్చేది సగటు రోజు సంపాదనలో 25 శాతమే. కరోనా వచ్చాక, 2020 మార్చి 24 నుంచి దాన్ని 50 శాతం చేశారు. 90 రోజులు ఆగాలన్న షరతును 30 రోజులకు తగ్గించారు. యజమాని చేతుల మీదుగా పంపాల్సిన పనీ తీసేశారు, కార్మికుడే నేరుగా బ్రాంచికి పెట్టుకోవచ్చు. అయితే యజమానిని అడిగి సరిచూసుకునే బాధ్యత బ్రాంచి మీద పడింది. నీ క్లెయిమ్ ఆగింది అక్కడే.

ఇవి చెప్పు: కంపెనీ రోల్సా, కాంట్రాక్టరా? గ్రాస్ ఎంత? ఆఖరి రోజున ఏమైనా సంతకం పెట్టించుకున్నారా? లెక్క తేల్చి డబ్బులిచ్చారా?

నెట్‌సెంటర్_రాజు · 11 జులై 2023

ఇవన్నీ దండగ బ్రో. ఎవడికీ రావు ఈ డబ్బులు. నాకు తెలిసినతను ఉన్నాడు, 5,000 తీసుకుంటాడు, లోపల మనుషులున్నారు, వారంలో పడతాయి. నంబరు ఇదీ: [తొలగించబడింది]

వేదిక_నిర్వాహకుడు · 11 జులై 2023

ఫోన్ నంబరు తీసేశాం. దళారుల ప్రచారం ఇక్కడ కుదరదు. మళ్లీ పెడితే ఖాతా ఆపేస్తాం.

పాత_క్లర్కు · 11 జులై 2023

నిర్వాహకులకు ధన్యవాదాలు. రాజుగారూ, ఆ "లోపలి మనుషులు" చేయించేది ఏమిటో నేను ఉద్యోగంలో ఉండగా చూశాను. మానేసిన తేదీలు మార్చి రాయడం, లేని కారణాలు పుట్టించడం. ఈఎస్‌ఐ చట్టం 84వ సెక్షన్ ప్రకారం తప్పుడు వివరాలతో లబ్ధి పొందితే ఆరు నెలల వరకు జైలు. ఆ కేసు పడేది దళారి మీద కాదు, సంతకం పెట్టిన కార్మికుడి మీద.

పాశమైలారం_ఆపరేటర్ · 12 జులై 2023

సార్, కంపెనీ రోల్సే. గ్రాస్ 14,600. ఆఖరి రోజున ఇంగ్లీషుల ఉన్న రెండు కాయితాల మీద సంతకం తీసుకున్నరు. ఒకటి సెటిల్‌మెంట్ కాయితం, దాని జిరాక్స్ నా దగ్గర ఉంది. రెండోది ఏందో చదవలేదు, చేతికియ్యలేదు. పైసలు బ్యాంకుల పడ్డయి.

తడ_హెచ్‌ఆర్ · 12 జులై 2023

నేను శ్రీసిటీ దగ్గర ఒక యూనిట్‌లో పేరోల్ చూస్తాను. అవతలి పక్క ఏం జరుగుతుందో చెబుతా. ప్రతి నెలా 15వ తేదీలోగా ముందు నెల ఈఎస్‌ఐ చందా కట్టాలి. పోర్టల్‌లో ఒక్కో మనిషి ఎదురుగా ఎన్ని రోజులు పనిచేశాడు, ఎంత జీతం అని నింపుతాం. సున్నా రోజులు వేస్తే కారణం అడుగుతుంది. ఆ జాబితాలో లీవు, లెఫ్ట్ సర్వీస్, రిటైర్డ్, రిట్రెంచ్‌మెంట్ (పని తగ్గిందని యజమానే తీసేయడం), నో వర్క్ ఇలా చాలా ఉంటాయి. నిజం చెప్పాలంటే నూటికి తొంభై మంది పేరోల్ వాళ్లు మనిషి ఎలా పోయినా "లెఫ్ట్ సర్వీస్" కొట్టేస్తారు. కొందరు అలవాటుగా కొడతారు. కొందరు మాత్రం "రిట్రెంచ్‌మెంట్" అని రాస్తే పారిశ్రామిక వివాదాల చట్టం మెడకు చుట్టుకుంటుందని కావాలనే కొడతారు.

ఆ రెండో కాగితం రాజీనామా అయ్యుంటుంది తమ్ముడూ. ముందు సెటిల్‌మెంట్ కాగితంలో వరసలు ఒక్కొక్కటిగా ఇక్కడ రాయి. మొత్తం వద్దు, వరసల పేర్లు చాలు.

పాశమైలారం_ఆపరేటర్ · 12 జులై 2023

మార్చి సాలరీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్, బోనస్, గ్రాట్యుటీ, నోటీస్ పే. గివే ఉన్నయన్నా.

తడ_హెచ్‌ఆర్ · 12 జులై 2023

దొరికింది. నోటీస్ పే! రాజీనామా చేసినవాడి దగ్గర కంపెనీయే నోటీస్ డబ్బులు కోసుకుంటుంది కానీ ఎదురు ఇవ్వదు. కంపెనీ నీకు నోటీస్ పే ఇచ్చిందంటే నిన్ను తీసేసినట్టే. ఆ కాగితాన్ని భద్రంగా దాచు, రంగు జిరాక్స్‌లు తీయించు.

గాజువాక_యూనియన్ · 13 జులై 2023

హెచ్‌ఆర్ గారు బాగా పట్టారు. కానీ మీరంతా చిన్న చేప వెనకాల పడుతున్నారు. ఐదేళ్లు చేసిన మనిషిని తీసేస్తే పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 25ఎఫ్ ప్రకారం నెల నోటీసు లేదా దాని జీతం, దాంతోపాటు నిండిన ఒక్కో ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. ఈ సెటిల్‌మెంట్‌లో గ్రాట్యుటీ ఉంది కానీ పరిహారం వరస ఏది? రెండూ ఒకటి కావు. గ్రాట్యుటీ వేరే చట్టం. పరిహారం ఎగ్గొట్టడానికే రాజీనామా రాయించుకుంటారు. అదే చట్టం సెక్షన్ 2ఏ కింద కార్మిక శాఖ కన్సిలియేషన్ (రాజీ కుదిర్చే) అధికారి దగ్గర వివాదం వేసెయ్ తమ్ముడూ. 45 రోజుల్లో తేలకపోతే నువ్వే నేరుగా లేబర్ కోర్టుకు పోవచ్చు. మూడేళ్ల గడువు ఉంది.

ఇంకోటి. రిట్రెంచ్‌మెంట్ అని నిరూపణ అయితే అటల్ పథకం ఎందుకు? 2005 నుంచి ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన అడగాలి. అందులో 24 నెలల వరకు వస్తుంది. మొదటి ఏడాది సగం, రెండో ఏడాది పావు. మూడు నెలల దానికీ ఇరవై నాలుగు నెలల దానికీ పోలికా?

పాత_క్లర్కు · 13 జులై 2023

యూనియన్ గారి మాట చట్టం ప్రకారం సరైనదే. కాకపోతే రాజీవ్ పథకంలో బ్రాంచి మేనేజరు రిట్రెంచ్‌మెంట్‌కో, ఫ్యాక్టరీ మూతకో రుజువు అడుగుతాడు. ఈ కంపెనీ లిఖితపూర్వకంగా ఏదీ ఒప్పుకోలేదు. అది తేలేదాకా అతని పిల్లలు ఏం తినాలి? వివాదం వేయమనండి, నేను కాదనను. ఆ ఫైలు దాని దారిన అది నడుస్తుంది. ముందు చేతికి అందేదాన్ని అందుకోనివ్వండి.

గాజువాక_యూనియన్ · 13 జులై 2023

మీ ఆఫీసు బుద్ధి పోలేదు సార్ :) సరే, రెండూ నడపమనే నా మాట కూడా. ఒకే కాలానికి రెండు పథకాల డబ్బులు అడగకూడదని మాత్రం గుర్తుంచుకో తమ్ముడూ.

శ్రావణి_జీడిమెట్ల · 14 జులై 2023

నాదీ ఇదే పథకం, కుట్టు యూనిట్‌లో చేసేదాన్ని. నాకు మంజూరయిందని మెసేజ్ వచ్చింది కానీ డబ్బు పడలేదు. అడిగితే "పంపాం, వెనక్కి వచ్చింది" అన్నారు. చివరికి తేలిందేమిటంటే నాది పాత ఆంధ్రా బ్యాంకు ఖాతా. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కదా, ఈఎస్‌ఐ రికార్డులో మాత్రం పాత ఐఎఫ్‌ఎస్‌సీయే ఉంది. కొత్త పాస్‌బుక్ మొదటి పేజీ, క్యాన్సిల్డ్ చెక్కు ఇచ్చి మార్పించుకున్నాక పడింది. పాశమైలారం తమ్ముడూ, మీ పాస్‌బుక్ ఎప్పటిదో ఒకసారి చూసుకోండి. ఆధార్‌లో పేరు, ఈఎస్‌ఐలో పేరు ఒకేలా ఉన్నాయో కూడా చూడండి. మా పక్క మిషన్ ఆమెకు ఇంటిపేరు ముందా వెనకా అన్నదానికే ఆగిపోయింది.

పాత_క్లర్కు · 14 జులై 2023

శ్రావణి గారు చెప్పింది చాలా మందికి పనికొచ్చేది.

అర్జీ ఇలా రాయి బాబూ. తెలుగులోనే రాయి, ఫరవాలేదు.

"బ్రాంచి మేనేజరు గారికి. నా ఐపీ (ఈఎస్‌ఐ బీమా) నంబరు ఇది. క్లెయిమ్ నంబరు ఇది, పెట్టిన తేదీ ఇది. నేను స్వచ్ఛందంగా ఉద్యోగం మానలేదు. నాపై క్రమశిక్షణ చర్య ఏదీ లేదు. ఆర్డర్లు లేవని యాజమాన్యం 31-03-2023న నన్ను తొలగించింది. రుజువుగా, నాకు నోటీస్ పే చెల్లించినట్టు ఉన్న సెటిల్‌మెంట్ ప్రతిని జతచేస్తున్నాను. నెలసరి రిటర్న్‌లో 'లెఫ్ట్ సర్వీస్' అని ఉన్నది వాస్తవం కాదు. దయచేసి యాజమాన్యం నుంచి లిఖితపూర్వక వివరణ తెప్పించి నా క్లెయిమ్‌ను పరిష్కరించగలరు. తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా తెలపగలరు."

రెండు ప్రతులు తీసుకెళ్లు. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకో. వేయనంటే గొడవపడకు, బయటికి వచ్చి రిజిస్టర్డ్ పోస్టులో పంపు. అర్జీలో ఎవర్నీ తిట్టకు. తిట్టిన అర్జీలో చదివేవాడికి తిట్లే కనిపిస్తాయి, నోటీస్ పే కనిపించదు.

అర్హత నీకు ఉన్నట్టే. పని పోవడానికి ముందు రెండేళ్లు బీమా ఉద్యోగంలో ఉండాలి. ఆఖరి చందా కాలంలో కనీసం 78 రోజులు, దాని ముందు మూడింటిలో ఏదో ఒకదానిలో ఇంకో 78 రోజులు ఉండాలి. చందా కాలాలంటే ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి. డబ్బు లెక్క: నాలుగు చందా కాలాల మొత్తం జీతాన్ని 730తో భాగించి, వచ్చినదాంట్లో సగం. నీ 14,600 ఇరవై నాలుగు నెలలకు 3,50,400. రోజుకు 480. సగం 240. తొంభై రోజులకు 21,600. జీవితంలో మొత్తం మీద వచ్చేది ఈ 90 రోజులే.

బొల్లారం_కాంట్రాక్ట్ · 20 జులై 2023

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది కాంట్రాక్టరు కింద పని. పే స్లిప్పులో నెలనెలా ఈఎస్‌ఐ కోశాడు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో చూస్తే పోయిన అక్టోబరు నుంచి చందా పడనే లేదు. ఆఖరి కాలంలో సున్నా రోజులు. క్లెయిమ్ తీసుకోవడం లేదు. కాంట్రాక్టరు ఊళ్లోనే లేడు.

గాజువాక_యూనియన్ · 20 జులై 2023

కాంట్రాక్టరును వెతుక్కుంటూ తిరగొద్దు. ఈఎస్‌ఐ చట్టం 40వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టరు మనుషుల చందా కూడా కట్టాల్సింది ప్రధాన యజమానే, అంటే నువ్వు పనిచేసిన ఫ్యాక్టరీ. తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకుంటాడో లేదో అది వాళ్లిద్దరి గొడవ. జీతంలో కోసిన 0.75 శాతం మన డబ్బు. దాన్ని కోసి కట్టకపోవడం నేరం. ఇక 68వ సెక్షన్ ఉంది: యజమాని కట్టలేదన్న కారణంతో కార్మికుడికి రావలసిన లబ్ధి పోతుంటే, ఈఎస్‌ఐ కార్పొరేషన్ (ఈఎస్‌ఐసీ) ఆ లబ్ధి ఇచ్చి యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు.

పాత_క్లర్కు · 20 జులై 2023

68 గురించి ఒక జాగ్రత్త. "ఇవ్వవచ్చు" అని ఉంది కానీ "ఇచ్చి తీరాలి" అని లేదు. పైగా చట్టంలోని లబ్ధులకు రాసింది అది. అటల్ పథకానికి వర్తింపజేస్తారా అన్నది వాదించి తెచ్చుకోవలసిన విషయం. బ్రాంచిలో ఎవరూ తేలిగ్గా ఒప్పుకోరు. కాబట్టి ముందు చందా కట్టించే దారి పట్టండి. పే స్లిప్పులు, హాజరు కార్డు, గేట్ పాసు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, ఇవన్నీ జతచేసి హైదరాబాద్ ఆదర్శ్‌నగర్, హిల్‌ఫోర్ట్ రోడ్డులోని ప్రాంతీయ కార్యాలయానికి ఫిర్యాదు ఇవ్వండి. సోషల్ సెక్యూరిటీ ఆఫీసరు వచ్చి రికార్డులు చూస్తే, బకాయిని సెక్షన్ 45ఏ కింద నిర్ణయించి వసూలు చేస్తారు. నాకు తెలిసి ఇలాంటివాటిలో పే స్లిప్పు ఉన్నవాడే నెగ్గుకొచ్చాడు. వాట్సాప్‌లో వచ్చే పీడీఎఫ్ స్లిప్పులను కూడా ప్రింటు తీసి పెట్టుకోండి.

అక్కడా తేలకపోతే ఎంప్లాయీస్ ఇన్సూరెన్స్ కోర్టు. సెక్షన్ 75. కారణం పుట్టిన మూడేళ్లలోగా వేయాలి. లాయరు ఫీజు గురించి భయపడొద్దు. పారిశ్రామిక కార్మికులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయరును ఇస్తారు, 15100కు ఫోన్ చేస్తే చెబుతారు. రిజిస్టరైన యూనియన్ ప్రతినిధి కూడా మీ తరఫున హాజరు కావచ్చు.

పాశమైలారం_ఆపరేటర్ · 9 ఆగస్టు 2023

సార్, అర్జీ ఇచ్చిన. ముద్ర ఏసిండ్రు. ఇప్పటిదాక ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇంక ఎన్ని రోజులు ఆగాలె?

పాత_క్లర్కు · 9 ఆగస్టు 2023

ఇక ఆగకు. పీజీ పోర్టల్‌లో, అంటే కేంద్ర ప్రభుత్వం ప్రజా ఫిర్యాదుల వెబ్‌సైటులో, ఫిర్యాదు పెట్టు. శాఖ దగ్గర కార్మిక, ఉపాధి మంత్రిత్వ శాఖ, దాని కింద ఈఎస్‌ఐసీ ఎంచుకో. ముద్ర వేసిన అర్జీ, సెటిల్‌మెంట్ కాగితం అప్‌లోడ్ చెయ్యి. 30 రోజుల్లో పరిష్కరించాలని నిబంధన. అక్కడ ఒక మాయ ఉంటుంది: "సంబంధిత కార్యాలయానికి పంపడమైనది" అని ఒక్క ముక్క రాసి మూసేస్తారు. అలా మూస్తే ఊరుకోకు. సంతృప్తి లేదని నొక్కితే అప్పీలు తెరుచుకుంటుంది, దానికీ 30 రోజులే గడువు. నువ్వు మొదటి రోజు అడిగిన అప్పీలు ఇదీ.

దాంతోపాటు పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు. అందులో "ఎందుకు ఇవ్వలేదు" అని అడిగితే జవాబు రాదు, ఉన్న కాగితాలనే ఇస్తారు. కాబట్టి నా క్లెయిమ్ మీద రాసిన నోట్ ఫైలు ప్రతి, యజమానికి రాసిన లేఖ ప్రతి, దానికి వచ్చిన జవాబు ప్రతి ఇవ్వండి అని అడుగు. లేఖే రాయలేదనుకో, ఆ దరఖాస్తు అందిన రోజున రాస్తారు. నేను చూశాను కనుక చెబుతున్నా.

తడ_హెచ్‌ఆర్ · 10 ఆగస్టు 2023

ఈలోగా పీఎఫ్ సంగతి చూసుకో. పని పోయి నెల దాటితే 75 శాతం, రెండు నెలలు దాటితే మిగతాది కూడా తీసుకోవచ్చు. అక్కడ మానేసిన తేదీని యజమాని వేయకపోయినా, ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత నువ్వే పీఎఫ్ వాళ్ల యూఏఎన్ పోర్టల్‌లో వేసుకోవచ్చు. ఈఎస్‌ఐలో ఆ సౌకర్యం పెట్టి ఉంటే ఈ థ్రెడ్డే ఉండేది కాదు. మొత్తం లాగేయమని నేను చెప్పను, పెన్షన్ సర్వీసు పోతుంది. అడ్వాన్సుగా కొంత తీసుకో.

కంపెనీకి ఈమెయిల్ కూడా పెట్టు. "నన్ను తొలగించారని ఈఎస్‌ఐకి ధ్రువీకరించండి, లేదంటే రాజీనామా ప్రతి నాకు ఇవ్వండి" అని రెండు వాక్యాలు చాలు. రాజీనామా ఉన్నవాళ్లు నోటీస్ పే ఎందుకిచ్చారో చెప్పాల్సి వస్తుంది కనుక మా హెచ్‌ఆర్ వాళ్లు తడబడతారు. మా జాతి గుట్టు చెప్పేస్తున్నా, ఏం చేస్తాం.

పాశమైలారం_ఆపరేటర్ · 17 అక్టోబరు 2023

అందరికీ దండాలు. పైసలు పడ్డయి. పీజీ పోర్టల్‌ల మొదటిసారి అట్లనే ఒక్క ముక్క రాసి మూసిండ్రు. అప్పీలు పెట్టినంక బ్రాంచి నుంచి ఫోన్ వచ్చింది. కంపెనీకి లేఖ రాసిండ్రంట, ఆర్డర్లు తగ్గి మనుషులను తగ్గించినమని కంపెనీ జవాబు ఇచ్చిందంట. ఇప్పుడు ఆ జవాబు కాపీ ఆర్టీఐల నా చేతికి కూడా వచ్చింది, గాజువాక అన్న చెప్పిన కేసుకు పనికొస్తది.

కానీ సార్, మీరు 21,600 అన్నరు. నాకు 20,160 పడింది. 1,440 తక్కువ. దీనికి మళ్ల అప్పీలు చెయ్యాల్నా?

పాత_క్లర్కు · 17 అక్టోబరు 2023

చాలా సంతోషం బాబూ. తొందరపడకు, ముందు లెక్క చూద్దాం. 20,160ని 90తో భాగిస్తే 224. అంటే రోజు సగటు 448. దాన్ని 730తో గుణిస్తే 3,27,040. నేను వేసిన మొత్తానికీ దీనికీ తేడా 23,360, నీ జీతంలో నెలన్నర పైచిలుకు. 2021 ఏప్రిల్ నుంచి 2023 మార్చి మధ్యలో జీతం లేకుండా ఇంట్లో ఉన్నావా?

పాశమైలారం_ఆపరేటర్ · 17 అక్టోబరు 2023

కరెక్టే సార్. 2021 మేల కరోనా అప్పుడు ఊర్లనే ఉండిపోయిన, నెలన్నర జీతం ఇయ్యలే. అది యాదికే లేదు.

పాత_క్లర్కు · 17 అక్టోబరు 2023

అయితే వాళ్ల లెక్క సరైనదే. 730 అన్నది మారదు, జీతం పడని రోజులు కూడా అందులోకే వస్తాయి. అప్పీలు అక్కర్లేదు.

పాశమైలారం_ఆపరేటర్ · 18 అక్టోబరు 2023

సరే సార్. నాతోని బంద్ అయినోళ్లల్ల ఇంకో ముగ్గురు అడుగుతున్నరు. ఇద్దరివి నా లెక్కనే. ఒకాయనకు మాత్రం రెండు ఐపీ నంబర్లు ఉన్నయంట, పాత కంపెనీది ఒకటి, దీనిది ఒకటి.

పాత_క్లర్కు · 18 అక్టోబరు 2023

ఆ ఇద్దరూ నీ అర్జీనే చూసి రాసుకోవచ్చు, కంపెనీ జవాబు ప్రతి కూడా జతచేయమను. రెండు నంబర్లాయన విషయం వేరు. రెండేళ్ల సర్వీసు రెండు ముక్కలైతే ఏ ముక్కా అర్హతకు చాలదు, ముందు నంబర్లు కలిపించుకోవాలి. ఏ నంబరుకు ఆధార్ ముడిపడి ఉందో కనుక్కుని, ఆయన్నే కొత్త థ్రెడ్ పెట్టమను. ఇందులో కలిపితే వెతుక్కునేవాళ్లకు దొరకదు.